లైనక్స్ మింట్ మూడేళ్లు వాడినంక: సగం మార్కులు టైంషిఫ్ట్‌కే

లైనక్స్ మింట్ అంటే విండోస్ బదులు పీసీల పెట్టుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టం. దాంట్ల మెనూ ఏ మూల ఉంటది, రంగులు ఎట్ల మార్చాలె, ఎన్ని సాఫ్ట్‌వేర్లు పైస లేకుండ దొరుకుతయి అని చెప్పే వీడియోలు బోలెడున్నయి. అవి మళ్ల రాయను. 2023 మొదట్ల మింట్ 21.1 సినమన్ (మింట్ డెస్క్‌టాప్ రూపాలల్ల ఒకటి) పెట్టిన, ఇప్పుడు అదే మిషన్ 22 వరుస మీద నడుస్తున్నది. మధ్యల తీసేసి పాత విండోస్‌కే పోదామనుకున్న సందర్భం ఒకటి వచ్చింది. పోకుండ ఆపింది, సిస్టం పాడైతే పాత తేదీకి వెనక్కి తిప్పే టైంషిఫ్ట్ అనే ఒక్క ప్రోగ్రాం. నల్లగొండ దిక్కు డెస్క్‌టాప్ వాడేటోళ్లకు, అందునా మే నెల గాలిదుమారాలకు కరెంటు పోతున్నప్పుడు, దాని విలువ వేరే.

మిషన్ సంగతి: నాలుగో తరం కోర్ ఐ3, హెచ్81 బోర్డు, 8 జీబీ ర్యామ్, 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీ. పదేళ్ల కింద అసెంబుల్ చేయించిన పీసీలు మన దగ్గర చాలామట్టుకు ఇసొంటియే. విండోస్ 11 ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 (భద్రతా చిప్) అడుగుతది కాబట్టి వీటికి ఆ దారి లేనట్టే. విండోస్ 10 మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది.

ఏ డిస్ట్రో (లైనక్స్‌ల ఏ రకం) అనే లొల్లి మీద రెండు మాటలే చెప్త. ఫెడోరా ఒక్కో వెర్షన్‌కు అప్‌డేట్లు వచ్చేది సుమారు పదమూడు నెలలు. ఇంట్ల అందరు వాడే పీసీని ఏటేటా కదిలించుడు నాకు నచ్చది. ఉబుంటుల ఫైర్‌ఫాక్స్ స్నాప్ (అన్నీ ఒకే మూటల కట్టిన ప్యాకేజీ) రూపంల వస్తది, పాత డిస్క్ మీద మొదటిసారి తెరుచుకోవడానికి సతాయిస్తది. మింట్ స్నాప్‌ను ముందే బంద్ పెట్టి ఇస్తది, 22 వరుసకు 2029 ఏప్రిల్ దాక సపోర్టు ఉంది. ర్యామ్ 4 జీబీయే ఉంటే సినమన్ జోలికి పోవద్దు, తేలికైన డెస్క్‌టాప్ ఎక్స్‌ఎఫ్‌సీఈ తీసుకోండ్రి. సినమన్ నడుస్తది గాని బ్రౌజర్‌ల ఆరు ట్యాబులు తెరవంగనే మిషన్ నీరసపడతది.

ఇన్‌స్టాల్ పదిహేను ఇరవై నిమిషాల పని. ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) 3 జీబీకి అటుఇటు ఉంటది, 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, రూఫస్ అనే ప్రోగ్రాంతో ఎక్కించాలె. మొబైల్ డేటా మీద దించుకున్నోళ్లు ఎస్‌హెచ్ఏ256 లెక్క (ఫైలు చెడకుండ దిగిందా అని చూపే సంఖ్య) తప్పకుండ సరిచూడాలె. మధ్యల సిగ్నల్ పోయి సగం పాడైన ఐఎస్‌ఓతో మొదలుపెడితే ఎనభై శాతం దాక మంచిగ పోయి అక్కడ చచ్చిపడతది, అప్పుడు తప్పు పెన్‌డ్రైవ్‌దనుకుంటరు. విండోస్ పక్కన ఉంచుకునేటట్టయితే ముందు అందులో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండ్రి. లేకుంటే విండోస్ సగం నిద్రల ఉండి, దాని డ్రైవ్‌లు మింట్‌ల చదవడానికే తెరుచుకుంటయి, రాయనియ్యవు.

ఇగ అసలు సంగతి. అప్‌డేట్ మేనేజర్ కెర్నల్ (సిస్టం గుండెకాయ)తో కలిపి డెబ్బై దాక ప్యాకేజీలు చూపించింది. అన్నీ దిగినయి, విప్పుకుంటున్నయి, కరెంటు పోయింది. ఇంట్ల ఇన్వర్టర్ ఉంది. ఫ్యాను ఆగలే, లైటు ఒక్కసారి రెప్ప కొట్టింది. పీసీ మాత్రం ఆరిపోయింది.

ఇది ఎందుకైతదో తెలుసుకుంటే సగం తిప్పలు తప్పుతయి. చాలా ఇన్వర్టర్లకు వెనకదిక్కు చిన్న స్విచ్ ఉంటది, ఒకదిక్కు యూపీఎస్ మోడ్, ఇంకోదిక్కు నార్మల్. నార్మల్ల ఉంటే లైన్ నుంచి బ్యాటరీకి మారడానికి ఎక్కువ సమయం పడతది. ఫ్యాను ఆ సందును పట్టించుకోదు. కంప్యూటర్ పవర్ సప్లై ఎస్ఎంపీఎస్‌ల కెపాసిటర్లు కరెంటు లేకుండ మోసేది ప్రమాణం ప్రకారం పదహారు పదిహేడు మిల్లీసెకన్లు, చవకవి అంత కూడ మొయ్యవు. యూపీఎస్ మోడ్‌ల పెట్టినా కొన్ని ఇన్వర్టర్లు ఇరవై మిల్లీసెకన్ల దాక తీసుకుంటయి కాబట్టి పూర్తి భరోసా లేదు. ల్యాప్‌టాప్ ఉన్నోళ్లకు ఈ ఫికరే లేదు.

మళ్ల ఆన్ చేస్తే మింట్ గుర్తు రాలే. నల్ల తెర, తెల్ల అక్షరాలు, చివర్ల బ్రాకెట్ల మధ్య ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అని రాసి మెరిసే గీత. చూడంగనే డిస్క్ పోయిందనిపిస్తది. పోలే. దాని మీది లైన్ చదివితే ఏ పార్టిషన్‌ను (డిస్క్ ముక్కను) చేత్తో సరిచేయాల్నో అదే చెప్తది. నా దగ్గర ఎస్‌డీఏ2. ఫోన్‌ల చదివి చెప్పినట్టు చెప్తున్న: ఎఫ్ఎస్‌సీకే, జాగా, అడ్డగీత వై, జాగా, స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీఏ2, ఎంటర్. తప్పులు దిద్దుకుంట బరబరా పోతది, ఆగినంక ఎగ్జిట్ కొడితే బూట్ ముందుకు నడుస్తది. చాలా ఇండ్లల్ల కరెంటు పోయినంక వచ్చే తకరారు ఇంతవరకే, ఈ ఒక్క లైన్‌తోనే తీరిపోతది.

ఇక్కడ తీరలే. లాగిన్ అయితే సినమన్ కూలిపోయింది, ఫాల్‌బ్యాక్ మోడ్‌ల ఉన్నవని పెట్టె చూపించింది. అప్‌డేట్ మేనేజర్ తెరిస్తే డీపీకేజీ (ప్యాకేజీలను పెట్టే ప్రోగ్రాం) మధ్యల ఆగింది, చేత్తో నడిపియ్యి అన్నది. దానికి మందు అందరికి తెలిసిందే: సుడో, జాగా, డీపీకేజీ, జాగా, రెండు అడ్డగీతలు కాన్ఫిగర్, జాగా, అడ్డగీత ఏ. పదిసార్లల్ల తొమ్మిదిసార్లు పనిచేస్తది. ఈసారి మాత్రం ఫలానా ప్యాకేజీ ఫైళ్ల జాబితాకు చివరి కొత్త లైన్ లేదు, ఇది కోలుకోలేని తప్పు అని చెప్పి ఆగిపోయింది. డీపీకేజీ ఏ ప్యాకేజీ ఏ ఫైళ్లు పెట్టిందో రాసుకునే చిన్న చిన్న జాబితాలుంటయి. వాటిలో కొన్ని తెరిచి చూస్తే సున్నా బైట్లు.

డిస్క్ మీద ఫైళ్లను సర్దే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టంకు జర్నల్ (మార్పుల చిట్టా) ఉంది గదా, ఇట్లెందుకైంది అని అడుగుతరు. మామూలు సెట్టింగ్‌ల జర్నల్ కాపాడేది చిట్టాను, సరుకును కాదు. మిర్యాలగూడ మిల్లుల పద్దు పుస్తకంల బస్తా లెక్క సరిగనే ఉంటది, బస్తా విప్పితే ఖాళీ. రాసిన అక్షరాలు వెంటనే డిస్క్‌కు పోవు, కొన్ని సెకన్లు ర్యామ్‌లనే ఉంటయి. ఫైలు పేరు చిట్టాకెక్కి, లోపలి సరుకు ఎక్కకముందే కరెంటు పోతే మిగిలేది సున్నా బైట్ల ఫైలు. అప్‌డేట్ మధ్యల వేల ఫైళ్లు ఇట్లనే ఊగిసలాడుతుంటయి. అందుకే మామూలప్పుడు పోయిన కరెంటు వేరు, అప్‌డేట్‌ల పోయిన కరెంటు వేరు.

ఒక్కో జాబితాను చేత్తో తిరిగి కట్టొచ్చు, నెట్‌ల దారులున్నయి. ఒకటి రెండైతే సరే, పదిహేను దాటితే ఓపిక పోతది. టైంషిఫ్ట్ అక్కరకొచ్చింది ఇక్కడనే. అప్‌డేట్‌కు ముందురోజు తీసిన స్నాప్‌షాట్ (సిస్టం కాపీ) ఉంది. ఇన్‌స్టాల్‌కు వాడిన పెన్‌డ్రైవ్‌తోనే బూట్ చేసి, లైవ్ డెస్క్‌టాప్‌ల టైంషిఫ్ట్ తెరిచి, సెట్టింగ్స్‌ల స్నాప్‌షాట్లున్న పార్టిషన్ చూపిస్తే పాత తేదీలన్ని వరుసగా పడతయి. తేదీ ఎంచుకుని రిస్టోర్ నొక్కితే ఏది ఎక్కడ పెట్టాల్నో అడుగుతది. ఇక్కడ తొందరపడొద్దు: రూట్ (సిస్టం) దగ్గర ఎస్‌డీఏ2, ఈఎఫ్ఐ (బూట్ మొదలయ్యే పార్టిషన్) దగ్గర ఎస్‌డీఏ1, హోమ్ (మన ఫైళ్లు) వేరే పార్టిషన్ అయితే అది, మూడూ కండ్లతో సరిచూడాలె. తర్వాత రెండు చోట్లా ఉన్న ఫైళ్లను పోల్చి, ఏవి తిరిగి వస్తయి, ఏవి తుడుచుకుపోతయి అని జాబితా చూపెడతది. ఒప్పుకుంటే పని మొదలు. బూట్ మొదలుపెట్టే గ్రబ్ మళ్ల ఎక్కించే గడి టిక్ చేసే ఉంచాలె.

ఇరవై నిమిషాలు పట్టింది. రీస్టార్ట్ చేస్తే గాలిదుమారానికి ముందురోజు డెస్క్‌టాప్ ఎట్లున్నదో అట్లనే వచ్చింది. వాల్‌పేపర్, ప్యానెల్, పాత కెర్నల్ అన్నీ. అదే డెబ్బై అప్‌డేట్లు మళ్ల వరుసకట్టి నిలబడ్డయి.

ఇది ఇంత తేలికగా నడవడానికి కారణం హార్డ్ లింకులు. మొదటి స్నాప్‌షాట్ మొత్తం సిస్టంను కాపీ చేస్తది. నా దగ్గర పదమూడు జీబీ దాక అయింది. రెండో దాని నుంచి మారిన ఫైళ్లే కొత్తగా రాసి, మారనివాటికి పాత కాపీనే చూపెడతది. అందుకే రోజువారీది ఒక్కోటి కొన్ని వందల ఎంబీలతో పోతది. ఇంకో మంచి గుణం, అది గడియారం చూసి నడవదు. రాత్రి రెండింటికి కరెంటు లేకపోయినా, పొద్దున పీసీ ఆన్ చేసినంక ఈరోజుది లేదని గమనించి తీసుకుంటది.

ఇప్పుడు, పైన ఇన్‌స్టాల్ పదిహేను ఇరవై నిమిషాలన్న గదా. డిస్క్ మొత్తం తుడిచి పెట్టు అనే మొదటి ఆప్షన్ నొక్కితేనే ఆ లెక్క. అట్ల చేస్తే అంతా ఒకటే పార్టిషన్ అయితది, స్నాప్‌షాట్లు కూడ అందుల్నే పడతయి. ఆ పార్టిషన్ నిండిపోతే లాగిన్ కూడ కాకుండ తిప్పి తిప్పి అదే తెరకు తెస్తది. ఎఫ్ఎస్‌సీకే అదే పార్టిషన్‌ల ఏదన్న కోసేస్తే కాపీకి కూడ దెబ్బే. కాబట్టి సమ్‌థింగ్ ఎల్స్ అనే చివరి ఆప్షన్ తీసుకుని చేత్తో కోసుకోవాలె: ఈఎఫ్ఐకి 512 ఎంబీ, రూట్‌కు 60 జీబీ, ఏ మౌంట్ పాయింట్ ఇయ్యకుండ ఈఎక్స్‌టీ4తో ఒక 40 జీబీ, మిగిలింది హోమ్‌కు. ఆ 40 జీబీ టైంషిఫ్ట్‌ది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవ్ మీద పెడదామంటే అది ఒప్పుకోదు, లైనక్స్ ఫైల్ సిస్టమే కావాలె. ఇట్ల చేస్తే మొదటిసారి గంట పడతది, పెన్సిల్ కాగితం దగ్గర ఉంచుకుంటే నయం.

ఇంకా చెప్పాలె. టైంషిఫ్ట్ మీ ఫోటోలను, పిల్లల ప్రాజెక్టులను కాపాడదు. హోమ్ ఫోల్డర్ డిఫాల్ట్‌గా అందుల ఉండదు, ఉండొద్దు కూడ. ఉంటే సిస్టంను వారం వెనక్కి తిప్పినప్పుడు ఈ వారంల రాసిన ఉత్తరం కూడ పోతది. దానికి మింట్‌ల బ్యాకప్ టూల్ వేరే ఉంది, బయటి డిస్క్ మీదికి తీసుకోవాలె. ఎస్ఎస్‌డీనే చచ్చిపోతే స్నాప్‌షాట్లు కూడ దానితోనే పోతయి. ఫ్లాట్‌పాక్ (విడి మూటలుగా వచ్చే) యాప్‌లు ఎక్కువ పెట్టుకున్నోళ్లకు స్నాప్‌షాట్లు తొందరగ ఉబ్బుతయి. నేను రోజువి మూడు, వారంవి రెండు ఉంచుతున్న. బూట్‌కొకటి అనే గడి టిక్ తీసేసిన. రోజుకు నాలుగుసార్లు కరెంటు పోయే కాలంల నాలుగు బూట్ స్నాప్‌షాట్లు పడి, వాటిల్ల పనికొచ్చే పాతది వరుసల నుంచి జారిపోతది.

21.3 నుంచి 22కు మారినప్పుడు మింట్‌అప్‌గ్రేడ్ (వెర్షన్ మార్చే ప్రోగ్రాం) కూడ ముందు టైంషిఫ్ట్ స్నాప్‌షాట్ ఉందా అని అడిగింది, లేకుంటే ముందు తీసుకొమ్మంటది. బయటి రిపాజిటరీల నుంచి పెట్టుకున్నవి ఏమన్న ఉంటే ఆ దారిల తీసేయమంటది. నిజానికి కొత్తగ ఇన్‌స్టాల్ చేసుకుంటే ఇంకా తొందరగ అయ్యేది.

తెలుగు టైపింగ్‌కు ప్రత్యేకంగ ఏదీ పెట్టే పని లేదు. కీబోర్డ్ సెట్టింగ్స్‌ల లేఅవుట్స్‌కు పోయి తెలుగు కలుపుకుంటే ఇన్‌స్క్రిప్ట్ వస్తది, పక్కనే సరళ, కగప కూడ ఉంటయి. ఆర్‌టీఎస్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి) అలవాటున్నోళ్లకు మాత్రం ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాంతో పాటు ఎం17ఎన్ ప్యాకేజీ కావాలె. విండోస్‌ల గౌతమి ఫాంట్‌తో చేసిన వర్డ్ ఫైళ్లు తెరిస్తే ఆ ఫాంట్ ఇక్కడ లేక వేరేది కూర్చుంటది, రెండు పేజీల దరఖాస్తు రెండున్నర అయితది. లిబ్రేఆఫీస్‌ల కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ ఆన్ చేసి తెలుగు ఫాంట్ విడిగా ఎంచుకోవాలె. 

పెండ్లిపత్రికలు, ఫ్లెక్సీలు అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మీద చేసే డీటీపీ సెంటర్‌ అయితే ఇది మీకు కాదు. ట్యాలీ మీద బతికేటోళ్లకు కూడ కాదు. ప్రింటర్ విషయంల ముందే మోడల్ నంబర్ వెతికి చూసుకోండ్రి. ఇంట్ల ఉన్న పాత లేజర్ ప్రింటర్ మూడేళ్లల్ల ఒక్క కాగితం కక్కలే, పీడీఎఫ్ ఫోన్‌కు పంపి జిరాక్స్ షాపుల తీయిస్తున్నం.

నా వాడకం బ్రౌజర్, ఉత్తరాలు, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు, కొంచెం తెలుగు రాత. ఆ మేరకు మింట్‌కు పదికి ఎనిమిది ఇస్త, అందుల నాలుగు టైంషిఫ్ట్‌వే. ల్యాప్‌టాప్ వాడేటోళ్లు, కరెంటు పోని గల్లీల ఉండేటోళ్లు ఆ నాలుగింట్ల రెండు కొట్టేసుకోవచ్చు. ఆ రాత్రి తర్వాత 600 వీఏ యూపీఎస్ ఒకటి తెచ్చిపెట్టిన. దాని లోపలి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ రెండు మూడేళ్లకే చేతులెత్తేస్తది, ఇప్పుడే మానిటర్‌తో కలిపి నాలుగు నిమిషాలు కూడ మోస్తలేదు. కెర్నల్ అప్‌డేట్‌కు ముందు ఆకాశం దిక్కు ఒకసారి చూసే అలవాటు ఇంకా పోలే.