నాపరాయికి ఏ బ్లేడు, గ్రానైటుకు ఏ బ్లేడు?

తాడిపత్రి వైపు ఇల్లు కట్టుకునేవారు నేలకు నాపబండలు, వంటగట్టుకు గ్రానైటు వేయించుకోవడం, ఆ రెండింటినీ ఒకే డైమండ్ బ్లేడుతో కోయించి డబ్బు మిగిలిందనుకోవడం మామూలే. నాపరాయి సున్నపురాయి జాతిది, గ్రానైటులోనేమో గాజును గీసేంత గట్టి క్వార్ట్జ్ ఉంటుంది.

బ్లేడు అంచున వజ్రపు రవ్వలను పట్టి ఉంచే లోహం, కోత సాగేకొద్దీ తానూ అరుగుతూ, మొద్దుబారిన రవ్వలను వదిలేసి కొత్తవాటిని బయటపెట్టాలి. గ్రానైటుకు ఆ లోహం మెత్తగా ఉండాలి. గరుకు ఇసుకరాయికి, పచ్చి కాంక్రీటుకు గట్టిగా ఉండాలి. గట్టి రాయికి గట్టి బ్లేడు కావాలని అంగట్లో వినిపించే మాట అచ్చంగా తలకిందులు.

అంచు విషయానికి వస్తే, పళ్లు పళ్లుగా ఉండే సెగ్మెంట్ బ్లేడు సందుల గుండా పొడిని బయటికి తోసి, గాలికి చల్లబడి, వేగంగా కోస్తుంది గానీ పెచ్చులు లేపుతుంది. నిండు అంచు బ్లేడు నిదానంగా, నున్నగా కోస్తుంది, అయితే దానికి సాధారణంగా నీళ్లు కావాలి. గోడ వారన స్కర్టింగ్ కింద దాగిపోయే నాపబండ అంచుకు మొదటిది చాలు. సింకు కోసం గ్రానైటులో చేసే కోతకు, ఆ అంచు రోజూ కంటపడుతుంది కాబట్టి, నేను రెండోదాన్నే ఎంచుకుంటాను.

మా వంటగట్టు కోసేటప్పుడు బ్లేడు కోయడం మాని కీచుమంటూ నిప్పురవ్వలు చిమ్మింది. మేస్త్రి ఇంకా గట్టిగా నొక్కాడు, నొక్కమన్నది నేనే. అంచు నీలంగా మారింది. వజ్రం గాలిలో సుమారు 700 డిగ్రీల సెల్సియస్ దాటితే పాడవుతుంది, వేడికి ఉక్కు పళ్లెం కూడా వంకరపోతుంది. అసలు చేయవలసింది నొక్కడం కాదు, గరుకైన ఇసుక సిమెంటు ఇటుకలో నాలుగైదు గాట్లు పెట్టడం. పైలోహం అరిగి కొత్త రవ్వలు తేలతాయి.

పొడి కోత కన్నా నీటి కోతే మేలు, ముఖ్యంగా గ్రానైటుకు, ఎందుకంటే దాని ధూళిలోని సిలికా ఊపిరితిత్తులకు ప్రమాదకరం. అయితే నీటి కోతకు తయారుకాని చేతి మిషన్‌పై నీళ్లు పోస్తే షాక్ కొట్టే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు మంచి మాస్కు పెట్టుకుని, ఆరుబయట, లోతు తక్కువ గాట్లతో, మధ్యమధ్య బ్లేడును ఖాళీగా తిప్పి చల్లార్చుకుంటూ పొడి కోతకు పనికొచ్చే బ్లేడునే వాడాలి. బ్లేడుపై రాసిన గరిష్ఠ వేగం మిషన్ వేగం కన్నా తక్కువైతే దాన్ని బిగించనే కూడదు. బాణం గుర్తు తిరిగే దిక్కునే ఉండాలి. పళ్ల సందుల్లో వెంట్రుకవాసి పగులు కనిపించినా, ఎన్ని రవ్వలు మిగిలి ఉన్నా ఆ బ్లేడు పాత ఇనుములోకే.