ఎస్.పి. రోడ్డులో ‘లెడ్ ఫ్రీ’ టంకం కొనేవాళ్ళు ముందు ఇది చదవండి

బెంగళూరులో చిన్న యూనిట్లు నడుపుతున్న మనవాళ్ళు, ముఖ్యంగా ఈమధ్యే లెడ్ ఫ్రీకి, అంటే సీసం లేని టంకానికి మారుతున్నవాళ్ళు, దయచేసి జాగ్రత్త. స్టిక్కర్ మీద ‘శాక్ 305’ (సీసం లేని టంకం రకం) అని ఉన్న వైరు రీళ్ళూ కడ్డీలూ ఎస్.పి. రోడ్డులో, అంటే ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారులో కొన్నాను. తీరా చూస్తే అది సీసం కలిసిన మామూలు 63/37 సరుకు, అంటే 63 శాతం తగరం, 37 శాతం సీసం.

మాది పీణ్యాలో పన్నెండు మంది పనిచేసే యూనిట్. ఎల్ఈడీ లైట్లకి కరెంటు అందించే డ్రైవర్ బోర్డులు చేస్తాం. ఇన్నేళ్ళూ సీసం టంకంతోనే నడిచింది. మా కస్టమర్ ఒకాయన యూరప్‌కి ఎగుమతి మొదలుపెట్టడంతో మారక తప్పలేదు. అక్కడ 2006 జులై 1 నుంచి సీసం 0.1 శాతం దాటకూడదనే నిబంధన ఉంది. మన ఈ-వేస్ట్ రూల్స్‌లోనూ అదే పరిమితి. ఆ 0.1 శాతాన్ని లెక్కగట్టేది మొత్తం బోర్డు బరువు మీద కాదు, టంకం మీద విడిగా. ఇక్కడే చాలామంది పొరబడతారు.

అమ్మినాయన తెలుగాయనే. ‘అన్నా, మనలో మనకి తప్పుడు సరుకు ఇస్తానా?’ అన్నాడు. రేటు కూడా మిగతా షాపులకంటే బాగా తక్కువ చెప్పాడు. అనుమానించాల్సింది అక్కడే. శాక్ 305 అంటే 96.5 శాతం తగరం, 3 శాతం వెండి, 0.5 శాతం రాగి. కేజీలో 30 గ్రాముల వెండి ఉండాలి. ఆ రోజు వెండి రేటుతో గుణించి చూసుకుంటే, అతను చెప్పిన ధరకి ఆ సరుకు రాదని నాకు అప్పుడే అర్థమయ్యేది. చూసుకోలేదు.

రెండో సూచన మా టేబుల్ మీదే కనిపించింది. ‘సార్, కొత్త వైరు కూడా పాతదానిలాగే హాయిగా పారుతోంది’ అని మా హిందూపురం అమ్మాయి సంతోషంగా చెప్పింది. అతుకులు అద్దంలా మెరిశాయి. నేనూ మురిసిపోయాను. నిజానికి శాక్ 305 అతుకు మామూలుగా కొంచెం మసకగా, సన్నటి రవ్వ పరిచినట్టు ఉంటుంది.

కస్టమర్ దగ్గర ఎక్స్ఆర్ఎఫ్ యంత్రంతో చూశారు. నగల షాపుల్లో బంగారం నాణ్యత చూసే పద్ధతే అది. లాట్ మొత్తం, 400 బోర్డులు, వెనక్కి వచ్చాయి. ఆ సాయంత్రం హాట్ ప్లేట్ మీద స్టీలు మూత పెట్టి, వైరు ముక్క వేసి, పక్కనే వేడి కొలిచే థర్మోకపుల్ ఆనించి కూర్చున్నాను. ముందు ఫ్లక్స్ (టంకం బాగా అతుక్కోవడానికి వైరు లోపల పెట్టే పదార్థం) పొగ వచ్చింది. 186 డిగ్రీల దగ్గర ముక్క ఒక్కసారిగా కుంగి, గుండ్రటి బొట్టయింది. శాక్ 305 అయితే 217 దాకా కదలకూడదు. 63/37 కరిగేది 183 దగ్గర.

కడ్డీల సంగతి ఇంకా దారుణం. 12 కేజీల కొత్త సరుకున్న డిప్ పాట్‌లో (బోర్డులు ముంచడానికి టంకం కరిగించి ఉంచే పాత్ర) ఇలాంటి కేజీ కడ్డీ ఒక్కటి పడితే చాలు, సీసం దాదాపు 2.8 శాతానికి చేరుతుంది. అంటే పరిమితికి 28 రెట్లు. తర్వాత ఎంత మంచి సరుకు పోసినా అది బాగుపడదు. పాట్ మొత్తం ఖాళీ చేశాను.

డబ్బు పోయింది, ఆర్డరు ఊగిసలాడుతోంది, అది ఒక ఎత్తు. లెడ్ ఫ్రీయే కదా అని మా అమ్మాయిలు కొన్ని వారాలుగా చేతులు సరిగ్గా కడుక్కోకుండానే టీ తాగారు, టిఫిన్ డబ్బాలు విప్పారు. ఇద్దరికి ఇంట్లో పసిపిల్లలున్నారు. సీసం పిల్లల మెదడుకి ఎంత చెడ్డదో తెలిసి కూడా అబద్ధపు స్టిక్కర్ అంటించినవాణ్ణి నేను క్షమించలేను.

షాపుకెళ్ళి అడిగితే ‘బిల్లులో ఏముందో చూడండి’ అన్నాడు. బిల్లులో ఉత్త ‘సోల్డర్ వైర్’ అనే ఉంది. ఇచ్చిన సర్టిఫికెట్ జిరాక్సు కాపీ, దాని మీది బ్యాచ్ నంబరు ఏ రీలు మీదా లేదు. అందుకే బిల్లులో మిశ్రమం పేరూ బ్యాచ్ నంబరూ రాయించుకోండి. రాయనంటే కొనకండి.

కడ్డీని ఇంట్లోనే పరీక్షించొచ్చు. కొలత గీతలున్న జాడీలో నీళ్ళు పోసి కేజీ కడ్డీ ముంచండి. శాక్ 305 అయితే నీళ్ళు దాదాపు 135 మిల్లీలీటర్లు పెరుగుతాయి, సీసం కలిసిన 63/37 అయితే 119 దగ్గర ఆగుతాయి. వైరుకి మాత్రం హాట్ ప్లేట్ పరీక్షే మేలు, లోపల ఫ్లక్స్ ఉంటుంది కాబట్టి. తేడా అనిపిస్తే ల్యాబ్‌కి పంపండి. అలాగే పీసీబీ (ఖాళీ సర్క్యూట్ బోర్డు) తయారుచేసే వాళ్ళకి లెడ్ ఫ్రీ ఫినిష్, అంటే సీసం లేని పైపూత కావాలని విడిగా చెప్పండి, లేకపోతే సీసం అటునుంచి వస్తుంది.

విప్పని మూడు రీళ్ళు మా యూనిట్‌లో సీలు వేసి ఉంచాను. ఈ రెండు నెలల్లో ఎస్.పి. రోడ్డులో పచ్చ స్టిక్కర్ ఉన్న అరకేజీ రీళ్ళు కొన్నవాళ్ళుంటే కామెంట్ పెట్టండి. ఒక జానెడు వైరు తీసుకుని పీణ్యా వస్తే, హాట్ ప్లేట్ మీద మీ ముందే కరిగించి చూపిస్తాను.