పెంగ్విన్ల సంతకా, ఆల్బట్రాస్‌ల కొండకా?

దక్షిణ మహాసముద్రపు దీవుల్లో పక్షులు గుడ్లు పెట్టి పిల్లలను పెంచడం చూడాలంటే చాలామందికి డబ్బు ఒక్కసారికే కుదురుతుంది. దక్షిణ అట్లాంటిక్‌లోని దక్షిణ జార్జియా దీవికి వెళ్లాలా, న్యూజిలాండ్ కింద ఉన్న క్యాంప్‌బెల్ దీవికా? రెండు చోట్లా విమానాశ్రయం లేదు, ఓడే గతి. వాంతులు ఎటు వెళ్లినా తప్పవు.

కళ్లు చెదిరే దృశ్యం కావాలంటే దక్షిణ జార్జియాకు సాటి లేదు. సెయింట్ ఆండ్రూస్ బే తీరంలో లక్షకు పైగా కింగ్ పెంగ్విన్ జంటలు ఉంటాయి. ఇవి గూడు కట్టవు. గుడ్డును పాదాల మీద పెట్టుకుని, పొట్ట కింది చర్మపు మడతతో కప్పి, నిలబడే పొదుగుతాయి. గుడ్డు పెట్టాక పిల్ల ఎదిగి సముద్రంలోకి దిగడానికి ఏడాదికి పైనే పడుతుంది కాబట్టి, అక్కడి వేసవిలో (మనకు చలికాలం) ఎప్పుడు వెళ్లినా గుడ్డో పిల్లో కనబడకపోదు. ఒక చిక్కు మాత్రం ఉంది. వాండరింగ్ ఆల్బట్రాస్‌లు (పొడవాటి రెక్కల సముద్రపక్షులు) గూడు కట్టే అక్కడి ప్రయాన్ దీవిని, అవి జత కట్టే రోజులని, నవంబరు 20 నుంచి జనవరి 7 వరకు సందర్శకులకు మూసేస్తారు. డిసెంబరు సెలవులు చూసుకుని టికెట్టు కొన్నవారికి ఆ ముచ్చట తీరదు.

క్యాంప్‌బెల్‌లో ఇంత సందడి లేదు. వానా గాలీ మాత్రం కావలసినంత. ప్రపంచంలోని సదరన్ రాయల్ ఆల్బట్రాస్‌లు దాదాపు అన్నీ గుడ్లు పెట్టేది ఇక్కడే. 2001లో హెలికాప్టర్లతో ఎర చల్లి ఎలుకలను తుడిచిపెట్టాక దీవి తేరుకుంది. చెక్కబాట మీద కాల్ లయాల్ కనుమకు ఎక్కితే, గడ్డిలో కదలకుండా పొదుగుతున్న పక్షి బాట పక్కనే కనిపించవచ్చు. ఇంకా జోడు కుదరని కుర్రపక్షులు గుంపుగా చేరి, మూడు మీటర్ల రెక్కలు విప్పి, ముక్కు ఆకాశానికెత్తి అరుస్తూ ఉంటాయి. ఒక రకంగా పెళ్లిచూపులే! నా ఓటు దీనికే. లక్ష పక్షుల మధ్య ఏ ఒక్కదాని సంసారమూ మనసుకు పట్టదు.

అయితే ఓడ ప్రయాణికులకు ఒడ్డున దక్కేది కొన్ని గంటలే. రాయల్ ఆల్బట్రాస్ పిల్ల గుడ్డులోంచి వచ్చి ఎగరడానికి ఎనిమిది నెలలు. అది మొత్తం చూడాలనుకుంటే న్యూజిలాండ్‌లోని డునెడిన్ నగరం పక్కనున్న టయరోవా హెడ్ అనే కొండకొన మేలు. అక్కడ నార్తర్న్ రాయల్ ఆల్బట్రాస్‌లు గూళ్లు కడతాయి. రోడ్డు మీద వెళ్లి అద్దాల వెనక నుంచి చూడవచ్చు. 2016 నుంచి గూటి దగ్గర కెమెరా కూడా పెడుతున్నారు. తల్లో తండ్రో సముద్రం నుంచి మేత తెచ్చే ఘడియ కోసం పిల్లతో పాటు మనమూ ఇంట్లో కూర్చుని ఎదురుచూడవచ్చు, ఖర్చు లేకుండా.