ఐరిష్ 'క', వెల్ష్ 'ప'

కొడుకు ఐరిష్‌లో మక్, వెల్ష్‌లో మాబ్ (పాత వెల్ష్‌లో మాప్). నాలుగు ఐరిష్‌లో క్యహర్, వెల్ష్‌లో పెద్వర్ (మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న 'చతుర్' కూడా వీటి చుట్టమే). ఈ రెండు భాషలకూ తల్లి అయిన మూల కెల్టిక్‌లోని 'క్వ' ఐర్లండ్‌లో 'క' అయింది, వేల్స్‌లో 'ప' అయింది. ఐర్లండ్‌లో ఓగమ్ (గీతలతో రాసే పాత లిపి) చెక్కిన రాళ్ల మీద 'మక్వి', అంటే 'కొడుకు యొక్క', ఇప్పటికీ కనిపిస్తుంది. అందులో 'క'కు నాలుగు గీతలు, 'క్వ'కు ఐదు.

తర్వాతి ఐరిష్‌లో ఆ తేడా చెరిగిపోయింది. అందుకే మాట మూలం వెతికేటప్పుడు వెల్ష్‌నే ముందు చూడాలి. నూరుకు అక్కడా 'కాంట్' అనే ఉంది కాబట్టి ఐరిష్ 'క్యేడ్'లోది అసలు 'క'యే.

ఈస్టర్ పేర్లు కాష్క్, పాస్గ్ దగ్గర మాత్రం మోసపోవద్దు. రెండూ లాటిన్ 'పాస్కా' అరువులే. పాత ఐరిష్‌వాళ్లకు 'ప' శబ్దం లేకపోవడంతో దాని చోట 'క' పెట్టుకున్నారు.