ఆర్‌టీఎస్ టైపింగ్: షెల్ అకౌంట్ రోజుల నుంచి ఇప్పటిదాకా వాడుతున్నవాడి సమీక్ష

ముందే చెప్పేస్తున్నా, కంప్యూటర్లో తెలుగు కొట్టడానికి ఇన్నేళ్లలో చాలా పద్ధతులు చూశాను, కొన్ని కష్టపడి నేర్చుకున్నాను కూడా, కానీ ఏదన్నా రాద్దామని కూర్చుంటే నా వేళ్లు వెళ్లేది ఆర్‌టీఎస్‌కే. తొంభైల్లో నల్ల స్క్రీన్ మీద మొదలైన అలవాటు, ఇప్పటికీ రోజూ వాడుతున్నా. మా బ్యాచ్‌లో రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డవాళ్లు ఈమధ్య తెలుగులో రాయాలని సరదాపడుతున్నారు, ఒరేయ్ ఏ కీబోర్డు నేర్చుకోమంటావ్ రా అని ఒకడి తర్వాత ఒకడు అడుగుతున్నారు, ఒక్కొక్కడికీ ఫోన్లో చెప్పే కంటే ఒకేసారి రాసి పడేస్తే పోతుందని రాస్తున్నా.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆర్‌టీఎస్ అంటే రైస్ ట్రాన్స్‌లిటరేషన్ స్టాండర్డ్. అమెరికాలో హ్యూస్టన్‌లో ఉన్న రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు గారు, ఆనంద కిశోర్ గారు కలిసి తయారుచేశారు. తెలుగుని మామూలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి అన్నమాట, కాకపోతే మనం ఎస్సెమ్మెస్‌లో ఇష్టమొచ్చినట్టు రాసే టైపు కాదు, ఏది కొడితే ఏ అక్షరమో ముందే ఖాయం చేసి పెట్టారు. చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. చిన్న టీ త, పెద్ద టీ ట. చిన్న డీ ద, పెద్ద డీ డ. చిన్న ఎన్ న, పెద్ద ఎన్ ణ. సున్నాకి పెద్ద ఎమ్. పెద్ద ఎస్ కొడితే శ, ఎస్ పక్కన హెచ్ కొడితే ష. దీర్ఘం కావాలంటే ఆ అచ్చునే పెద్దక్షరంగా కొట్టాలి, లేదా ఇంగ్లీషు చిన్న ఏ (a) రెండుసార్లు కొట్టినా ఆ వస్తుంది. ఇలా రాసినదాన్ని మళ్లీ తెలుగు లిపిలోకి తిప్పడానికి రిట్ అని ఒక ప్రోగ్రాం ఉండేది.

ఇదంతా ఎందుకొచ్చిన తిప్పలు అనుకునేవాళ్లకి అప్పటి పరిస్థితి చెప్పాలి. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ ద్వారా. అందులో మాలాంటి స్టూడెంట్లకి అందుబాటులో ఉన్నది షెల్ అకౌంట్, అంటే బొమ్మలు లేవు, మౌస్ లేదు, ఉత్త అక్షరాలే, మెయిల్ చూడాలంటే పైన్, వెబ్ చూడాలంటే లింక్స్. మోడెమ్ ఉన్న ఇల్లు మా గ్యాంగ్‌లో ఒక్కటే కాబట్టి రాత్రిళ్లు అందరం అక్కడే, ఫోన్ లైన్ బిజీగా ఉంటే వాళ్ల నాన్నగారు కోప్పడతారని ఆయన పడుకున్నాక డయల్ చేసేవాళ్లం, ఆ మోడెమ్ కూతకి ఎక్కడ లేస్తారో అని స్పీకర్ ఆపే కమాండ్ ముందు నేర్చుకున్నాం. ఆ స్క్రీన్ మీద తెలుగు లిపి కనిపించే దారే లేదు. తెలుగువాళ్ల న్యూస్‌గ్రూపు ఒకటి ఉండేది, సాక్ డాట్ కల్చర్ డాట్ ఇండియన్ డాట్ తెలుగు, అందరూ స్కిట్ అనేవాళ్లు, అక్కడ పద్యాల దగ్గర్నుంచి గోంగూర పచ్చడి దాకా అన్నిటిమీదా చర్చలు నడిచేవి, తెలుగు ముక్కలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. అక్కడ పద్యం ఎవరన్నా ఆర్‌టీఎస్‌లో పెడితే ఎక్కడ ల, ఎక్కడ ళ, ఎక్కడ గురువు, ఎక్కడ లఘువు అన్నీ స్పష్టంగా తెలిసేవి, గణాలు లెక్కపెట్టుకోవచ్చు. మామూలు ఇంగ్లీషు స్పెల్లింగులో పెడితే అది పద్యమో వచనమో కూడా అర్థమయ్యేది కాదు.

నాకు దీని విలువ బాగా తెలిసొచ్చింది మాత్రం ఉత్తరాల వల్ల. మా ఫ్రెండ్ ఒకడు ఎమ్మెస్ చేయడానికి అమెరికా వెళ్లాడు. అక్కడినుంచి ఫోన్ చేయాలంటే ఖరీదు, ఎయిర్ మెయిల్ ఎప్పటికి చేరేదో చెప్పలేం, వాళ్ల అమ్మగారేమో తెలుగు తప్ప చదవలేరు. అందుకని వాడు ఆర్‌టీఎస్‌లో నాకు మెయిల్ కొట్టేవాడు, నేను దాన్ని ఫ్లాపీలో వేసుకుని కాలేజీకి పట్టుకెళ్లి యూనిక్స్ మెషీన్ మీద రిట్‌కి ఇస్తే అది టెక్ అనే అచ్చు ప్రోగ్రాంకి ఫైలు చేసేది, దాన్నుంచి ప్రింటర్‌కి అర్థమయ్యే పోస్ట్‌స్క్రిప్టు ఫైలు, దాన్నుంచి ప్రింటు. లేజర్ ప్రింటర్ నుంచి వెచ్చగా వచ్చిన కాగితం మీద గుండ్రటి తెలుగు అక్షరాలు చూస్తే ల్యాబ్ అసిస్టెంట్ కూడా లేచొచ్చి చదివేవాడు. సాయంత్రం ఆ కాగితం తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెడితే ముందు నాకు కాఫీ ఇచ్చి ఆ తర్వాతే చదివేవారు, చదివాక ఏం చెప్పాలో చెప్తే నేను రాసుకొచ్చి మళ్లీ ఆర్‌టీఎస్‌లో కొట్టి వాడికి పంపేవాణ్ణి. వంకాయ కూరలో కారం ఎప్పుడు వేయాలి, చలికి చెవులు కప్పుకుంటున్నాడా లేదా, అక్కకి సంబంధం కుదిరిన సంగతి, అన్నీ నా వేళ్ల మీదుగానే వెళ్లాయి. నాకు టైపింగ్ వచ్చింది అలాగే, ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ కాదు.

ఇక అసలు పాయింటు, ఇన్నేళ్లు వాడాక దీని గురించి నేను గట్టిగా చెప్పగలిగేది. ఆర్‌టీఎస్‌లో రాసిన ఏ ఫైలూ నాకింతవరకు పాడవలేదు. 1998లో రాసిన మెయిల్ ఈరోజు తెరిచి లేఖిని అనే వెబ్‌సైట్‌లో అతికిస్తే మొత్తం తెలుగులో చక్కగా వచ్చేస్తుంది, ఎందుకంటే అందులో ఉన్నది మామూలు ఇంగ్లీషు అక్షరాలే, ఏ కంప్యూటరైనా చదువుతుంది. దీనికి ఎదురుగా 2001 ప్రాంతంలో డీటీపీ ఫాంట్లలో కొట్టించిన మా అన్నయ్య పెళ్లి శుభలేఖ ఫైలు, మా తాతగారి షష్టిపూర్తి అప్పుడు చేసిన చిన్న పుస్తకం ఫైలు నా దగ్గరున్నాయి, తెరిస్తే పిచ్చి గుర్తులు తప్ప ఏమీ లేవు. ఆ రోజుల్లో ఒక్కో ఫాంటు కంపెనీ తన సొంత లెక్క ప్రకారం ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు అమర్చుకునేది, తలకట్టు ఒక గడిలో, కొమ్ము ఇంకో గడిలో, ఒత్తు మరో గడిలో, ఆ ఫాంటు ఉంటేనే చదవగలం, లేకపోతే అంతే సంగతులు. పేపర్ల వెబ్‌సైట్లు కూడా ఒక్కొక్కటి ఒక్కో ఫాంటుతో నడిచేవి, వాటిని యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్లోనైనా ఒకే లెక్కలో ఉండే అక్షరాల్లోకి, మార్చి చూపించడానికి వెన్న నాగార్జున గారు ఫైర్‌ఫాక్స్‌కి పద్మ అనే ఎక్స్‌టెన్షన్ చేశారు, అది పెట్టుకున్న రోజు నాకు పండగే. తెలుగు వికీపీడియా 2003లో మొదలవడానికి కారకులు కూడా ఆయనే, అది వేరే కథ.

సైజు సంగతి ఇప్పుడు ఎవరికీ పట్టదు కానీ అప్పట్లో పట్టేది. అమ్మ అని ఆర్‌టీఎస్‌లో కొడితే నాలుగు బైట్లు, అదే యూటీఎఫ్-8 యూనికోడ్‌లో పన్నెండు. 1.44 ఎంబీ ఫ్లాపీలో మా గ్యాంగ్ ఉత్తరప్రత్యుత్తరాలన్నీ పట్టేసేవి, ఇంకా చోటు మిగిలేది.

యూనికోడ్‌లో తెలుగు మొదటినుంచీ, అంటే 1991 నుంచే ఉంది, కానీ మన టేబుల్ మీదకి రావడానికి విండోస్ ఎక్స్‌పీ దాకా ఆగాల్సొచ్చింది, గౌతమి ఫాంటు దాంతోనే వచ్చింది. అదైనా ఊరికే వచ్చేది కాదు, కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్లి రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్ అనే దగ్గర టిక్కు పెట్టాలి, పెట్టగానే ఎక్స్‌పీ సీడీ పెట్టమంటుంది, నెట్ సెంటర్ ఓనర్‌ని సీడీ అడిగితే మనల్ని దొంగని చూసినట్టు చూసేవాడు. అమీర్‌పేటలో కొన్ని నెట్ సెంటర్లలో అతన్ని బతిమాలి ఆ టిక్కు పెట్టించింది మా వాళ్లే, ఇది మేం గర్వంగా చెప్పుకుంటాం. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారి పోతన, వేమన ఫాంట్లు అప్పుడు మాకు పెద్ద ఆసరా, పోతన అక్షరం అందం నాకు గౌతమిలో ఎప్పుడూ కనపడలేదు.

తర్వాత 2006లో వీవెన్ గారు లేఖిని పెట్టారు. పైపెట్టెలో ఆర్‌టీఎస్‌లో కొట్టుకుంటూ పోతే కిందపెట్టెలో తెలుగు వచ్చేస్తుంటుంది, కాపీ చేసుకుని ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవడమే. ఇన్‌స్టాల్ చేసేది ఏమీ లేదు. నాకు కొత్తగా నేర్చుకునే పనే లేకపోయింది, పాత అలవాటే ఉన్నట్టుండి కొత్త ప్రపంచంలో పనికొచ్చింది, తెలుగు బ్లాగులు ఆ రెండు మూడేళ్లలో అంత జోరుగా రావడానికి లేఖిని ఒక పెద్ద కారణం అని నా గట్టి నమ్మకం. ఇప్పుడు నేను లినక్స్‌లో ఉన్నాను, ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాంలో ఎమ్17ఎన్ వాళ్ల తెలుగు ఆర్‌టీఎస్ పెట్టుకున్నా, ఎక్కడ కర్సర్ ఉంటే అక్కడే తెలుగు, కాపీ పేస్టు కూడా అక్కర్లేదు.

వేగం గురించి అందరూ అడుగుతారు. ప్రభుత్వం వాళ్ల ఇన్‌స్క్రిప్టు కీబోర్డు నేను పట్టుబట్టి నేర్చుకున్నాను కాబట్టి రెండూ పోల్చి చెప్తున్నా. కమల అని రాయాలంటే ఆర్‌టీఎస్‌లో ఆరు కీలు, ఇన్‌స్క్రిప్టులో మూడే, అక్కడ హల్లు కొడితే అకారం దానంతటదే వస్తుంది. తెలుగు అని రాస్తే రెండిట్లోనూ ఆరే. స్త్రీ అని రాస్తే ఆర్‌టీఎస్‌లో నాలుగు, ఇన్‌స్క్రిప్టులో ఆరు, ఒత్తు వచ్చినప్పుడల్లా అక్కడ పొల్లు విడిగా కొట్టాలి మరి. మొత్తం మీద పేజీలకి పేజీలు కొట్టేవాళ్లకి ఇన్‌స్క్రిప్టే లాభం, ఇది ఒప్పుకోవాల్సిందే. కానీ నాలాగా ఒక నిమిషం ఇంగ్లీషు, ఒక నిమిషం తెలుగు, మధ్యలో ప్రోగ్రాం కోడు, ఇలా మారుతూ పని చేసేవాడికి ఒకే కీబోర్డు పటం బుర్రలో ఉంటే చాలు, ఆ సుఖం వేరు.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది టీ హెచ్. మనవాళ్లందరికీ త అంటే టీ హెచ్ అని అలవాటు, పేర్లు కూడా అలాగే రాసుకుంటారు, ఇక్కడ అలా కొడితే థ వస్తుంది, లత కాస్తా లథ అవుతుంది. కొత్తగా వచ్చేవాళ్లలో సగంమంది ఇక్కడే చిరాకుపడి వదిలేస్తారు. రెండోది ఇంగ్లీషు మాటలు, సాఫ్ట్‌వేర్ అని మామూలుగా కొట్టేస్తే టకారం కింద వకారం ఒత్తై కూర్చుంటుంది, మధ్యలో ఆరు అంకె మీదున్న టోపీ గుర్తు కొడితేనే విడిపోతుంది, ఈ చిట్కా తెలియక ఎంతమంది తప్పుగా రాస్తున్నారో. మూడోది షిఫ్ట్ కీ. సంక్రాంతి అన్న ఒక్క మాటకి మూడుసార్లు షిఫ్ట్ పట్టుకోవాలి, సాయంత్రానికి ఎడమ చిటికెన వేలు లాగుతుంది, నాకు చలికాలంలో నిజంగానే నొప్పి వస్తుంది, అందుకే ఆ, ఈ, ఊ లాంటివాటికి పెద్దక్షరం మానేసి చిన్నవే రెండుసార్లు కొట్టడం అలవాటు చేసుకున్నా.

ఫోన్లో మాత్రం ఆర్‌టీఎస్ వద్దు. వాక్యం మొదట్లో ఫోను దానంతటదే పెద్దక్షరం చేసేస్తుంది, దాంతో అమ్మ ఆమ్మ అయిపోతుంది, తెలుగు టెలుగు అయిపోతుంది. ఆ సెట్టింగ్ తీసేసినా ప్రతి ళకీ ణకీ బొటనవేలితో షిఫ్ట్ నొక్కడం నరకం. ఫోన్లో మనం కొట్టినదాన్ని బట్టి మాట ఊహించి ఇచ్చే కీబోర్డులు చాలా ఉన్నాయి, వాట్సాప్ మెసేజీకి అవి చాలు, నేనూ వాడతాను. అయితే మాండలికం రాసినా, పద్యం రాసినా, ఊరి పేర్లు ఇంటిపేర్లు రాసినా అవి తమకి తెలిసిన మాటే పెట్టేస్తాయి, పంపాక గానీ చూసుకోం. ఆర్‌టీఎస్ ఏదీ ఊహించదు, నేను కొట్టిందే వస్తుంది, మా నాయనమ్మ మాట్లాడిన మాటలు ఆమె పలికినట్టే రాయాలంటే నాకు అదే కావాలి. శకటరేఫ, అంటే బండి ర, కూడా ఉంది, టిల్డె (~ గుర్తు) కొట్టి చిన్న ఆర్ కొడితే ఱ, పాత పుస్తకాలు ఎక్కించేటప్పుడు అది లేకపోతే కుదరదు.

ఎవరు వాడొచ్చు అంటే, ఇంగ్లీషు టైపింగ్ చేతిలో ఉన్నవాళ్లు, కంప్యూటర్ ముందు కూర్చుని రాసేవాళ్లు, వారం రోజులు ఓపికపడితే చాలు. మొదట ల-ళ, న-ణ, త-ట, ద-డ ఈ జతలు, సున్నాకి పెద్ద ఎమ్ అనేది పట్టుకోండి, మిగతావి రాస్తుంటే అవే వస్తాయి. ఇంగ్లీషు అక్షరాలతో పరిచయం లేని పెద్దవాళ్లకి మాత్రం ఇది చెప్పకండి, వాళ్లకి అఆఇఈలు కీల మీద అంటించిన ఇన్‌స్క్రిప్టు కీబోర్డే న్యాయం. అమెరికా ఫ్రెండు వాళ్ల అమ్మగారికి వాడు పోయిన సెలవుల్లో అలాంటిదే కొనిచ్చాడు, వంకాయ కూర సంగతులు ఇప్పుడు ఆవిడే నేరుగా రాసి పంపుతున్నారు. బ్యాచ్‌లో పాత ఫ్లాపీలు, పాత మెయిల్ ఫోల్డర్లు ఎవరి దగ్గరన్నా ఉంటే నాకు పంపండిరా, ఆర్‌టీఎస్‌లో ఉన్నవన్నీ నేను తెలుగులోకి మార్చి అందరికీ తిరిగిస్తాను, ఫ్లాపీ డ్రైవ్ కూడా నా దగ్గర ఇంకా పని చేస్తోంది.