కొబ్బరి పీచు వల: చేవెళ్ల దగ్గర మా మొరం గుంతలో రెండు వానాకాలాల తర్వాత

మొరం తవ్వేసిన వాలు మీద మట్టి కోసుకుపోకుండా కొబ్బరి పీచు వల నిజంగా ఆపుతుందా అని నన్ను ఈమధ్య నలుగురైదుగురు అడిగారు. మేం వేసి రెండు వానాకాలాలు దాటింది కాబట్టి చూసింది చూసినట్టు రాస్తున్నాను. ఆపుతుంది. కానీ వల పరిచేసి చేతులు దులుపుకుంటే మాత్రం ఆగదు. పైగా 700 గ్రాముల రకం అని చెప్పి ఇంకేదో అంటగట్టేవాళ్లు కూడా ఉన్నారు, అది కింద చెప్తాను.

మేముండేది మెహిదీపట్నంలో. చేవెళ్ల దాటాక నాన్న వాటాకు వచ్చిన రెండెకరాల ఎర్రనేల ఉంది. చుట్టుపక్కల వెంచర్లు పడుతున్న రోజుల్లో ఒక కాంట్రాక్టరుకు మొరం తవ్వుకోవడానికి ఇచ్చాం. ట్రిప్పుకు ఎంత అని కాగితం మీద రాసుకున్నాం గానీ, వెళ్లేటప్పుడు నేలను ఎలా వదలాలో ఒక్క ముక్క రాయించుకోలేదు. పైనున్న అడుగు మందం మంచి మట్టి కూడా మొరంతో పాటే లారీల్లో వెళ్లిపోయింది. దాన్ని విడిగా కుప్ప పోయించి ఉంటే మా పని సగం తగ్గేది, తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. తవ్వకం ముగిశాక లీజుదారే ఆ నేల మీద మళ్లీ గడ్డి పెంచి, మేతకు పనికొచ్చేలా చేయాలని గనుల లీజుల్లో షరతు పెట్టమని 2020 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. ఆ సంగతి నాకు గుంత తవ్వడం అయిపోయిన తర్వాత తెలిసింది.

మాకు మిగిలింది దాదాపు 20 అడుగుల నిలువు గోడ. వానపడ్డప్పుడల్లా దానిలో ముందు వేలెడు కాలువలు పడ్డాయి, రెండో ఏడాదికి మనిషి దిగేంత గండ్లయ్యాయి. కింద పొలం మా చిన్నాయనది. "మీ మొరమంతా నా మడిలకే వస్తున్నది బిడ్డా" అన్నాడాయన, కోపంగా కూడా కాదు, మెల్లగా. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక వల సంగతి. మార్కెట్లో మామూలుగా 400, 700, 900 గ్రాముల రకాలు దొరుకుతాయి, అంటే చదరపు మీటరు వల బరువు అంత అన్నమాట. దీనికి ఐఎస్ 15869 అని భారతీయ ప్రమాణం కూడా ఉంది, బిల్లు మీద అది రాయమని అడగండి. నేను సికింద్రాబాద్‌లో ఒక షాపులో 700 రకం చెప్పి తీసుకున్నాను. రోల్ మీటరు వెడల్పు, 50 మీటర్ల పొడవు, అంటే 35 కిలోలు ఉండాలి. ఆటోలోకి ఎక్కిస్తుంటే మా తమ్ముడు ఒంటి చేత్తో లేపేశాడు. అనుమానం వచ్చి పక్కనున్న పాత ఇనుము కొట్టులో కాంటా మీద పెడితే 21 కిలోలు! అది 400 రకం. వెనక్కి తీసుకెళ్తే "అన్నీ ఒకటే సార్, పీచే కదా" అన్నాడు. ఒకటి కాదు. పలచటి దానిలో కన్నాలు పెద్దవి, నిటారు వాలు మీద జోరు వాన నీళ్లు దాన్ని లెక్కచేయవు. డబ్బులు వెనక్కి రావడానికి మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. రెండో షాపులో నా ముందే తూచి ఇచ్చారు, రవాణాతో కలిపి నాకు చదరపు మీటరుకు 70 రూపాయల దాకా పడింది. తూచేటప్పుడు రోల్ పొడిగా ఉండాలి, పీచు నీళ్లు బాగా పీలుస్తుంది కాబట్టి తడిసింది తూస్తే లెక్క తప్పుతుంది.

వేయడానికి ముందు జేసీబీతో గోడను నరికించి అడుగు ఎత్తుకు రెండడుగుల వాలు వచ్చేలా చేశాం. ఇది మానేసి వల మీద ఖర్చు పెట్టకండి, దండగ. పైనుంచి వచ్చే నీళ్లు వాలు మీదికి దిగకుండా అంచున ఒక కాలువ తీసి పక్కకు మళ్లించాం. తర్వాత చెరువు పూడిక మట్టి నాలుగు ట్రాక్టర్లు తెచ్చి చల్లించాం, ఎందుకంటే ఉత్త మొరంలో పోషకాలు పెద్దగా ఉండవు. పై అంచున అడుగు లోతు గాడి తవ్వి వల కొసను అందులో పూడ్చి, నీళ్లు జారే దిశలోనే కిందికి పరిచి, రోల్‌కూ రోల్‌కూ జానెడు మీదపడేలా వేసి మేకులు కొట్టాం. వల నేలను అంటుకునే ఉండాలి. ఎక్కడైనా గుడారంలా లేచిందంటే నీళ్లు దానికిందే దారి చేసుకుంటాయి. ఇదంతా మే నెలాఖరుకు పూర్తి చేసి, జూన్‌లో తొలి వానకు కన్నాల మధ్య వట్టివేరు పిలకలు వాలుకు అడ్డంగా వరసలు నాటాం, మధ్యలో స్టైలో అనే పశుగ్రాసం విత్తనాలు చల్లాం.

మొదటి పెద్ద వాన పడిన మర్నాడు పొద్దున్నే వెళ్లి వల మీద చెయ్యి పెట్టి చూశాను. ప్రతి అడ్డ దారం వెనకా గోరంత మందాన మట్టి ఆగి ఉంది, చిన్న చిన్న మెట్లలాగా. కింద చిన్నాయన మడిలో నీళ్లు ఎర్రగానే ఉన్నాయి గానీ మునుపటిలా మొరం మేట వేయలేదు. ఇప్పుడు పీచు నల్లబడి, లాగితే తెగుతోంది. అది లోపం కాదు, దాని పని రెండు మూడేళ్లే, ఆ తర్వాత నేలను పట్టుకోవాల్సింది వేళ్లు. వట్టివేరు పక్కలకు పాకకుండా నిలువునా రెండు మూడు మీటర్లు దిగుతుంది. ఒక మొక్క పక్కన గడ్డపారతో తవ్వి చూస్తే మోకాలి లోతులో కూడా తెల్లటి వేళ్లు గుత్తులుగా కనిపించాయి.

రేటింగ్ అంటారా, సరైన బరువుంటే 5కి 4. ఒకటి ఎందుకు తగ్గించానంటే, రోల్‌తో పాటు ఎలా వేయాలో చెప్పే కాగితం ఒక్కటీ రాదు, మేకులు కూడా మనమే చేయించుకోవాలి. ఇంకా దక్షిణం మూల కూలీలు సాయంత్రమైందని గాడి తవ్వకుండా రాళ్లు పెట్టి వదిలేశారు, నేనూ అప్పుడు చూసుకోలేదు. అక్కడ వల చుట్టుకుపోయి మళ్లీ గండి పడింది. వచ్చే మేలో ఆ మూలకు 900 రకం తెచ్చి, గాడి నా కళ్ల ముందే తవ్విస్తాను.