ఢిల్లీ చలి తప్పించుకోడానికి నాలుగు చలికాలాలు నెల్లూరులో అద్దెకున్నాం, మా అనుభవం

ఢిల్లీలో మాది ముప్పై నాలుగేళ్ళ కాపురం. మావారు సెంట్రల్ గవర్నమెంట్లో చేసి రిటైరయ్యారు, నేను స్కూలు టీచర్ని. ఆయనకి సిఓపిడి, ఊపిరితిత్తుల జబ్బు. నవంబర్ వస్తే చాలు మా ఇంట్లో నెబ్యులైజర్ (మందుని ఆవిరిలా చేసి పీల్పించే మిషను) మోత మొదలవుతుంది, కిటికీలన్నీ మూసి, హీటరొకపక్క గాలి శుభ్రం చేసే మిషనొకపక్క పెట్టుకుని ఫిబ్రవరి దాకా గదిలోనే బతకడం. ఒక చలికాలంలో రెండుసార్లు హాస్పిటల్లో చేర్చాక డాక్టరుగారే అన్నారు, వీలైతే ఈ రెండు మూడు నెలలూ వెచ్చగా ఉండే ఊరికి పోయి ఉండండి అని.

మొదట గోవా, కేరళ అనుకున్నాం. డిసెంబర్లో గోవా అంటే సీజను, రూము అద్దె రోజు లెక్క, మాకు కావాల్సిందేమో నెల లెక్కన బతికే చోటు. వంటిల్లుండాలి, నడిచిపోయే దూరంలో మందుల షాపుండాలి, అర్ధరాత్రి ఆయాసమొస్తే తలుపు తట్టడానికి మన భాష మాట్లాడే మనిషుండాలి. నేను పుట్టింది నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర. అమ్మానాన్న పోయాక ఇల్లు అమ్మేశారు కాబట్టి సొంతూరైనా అద్దెకే ఉండాలి, అయినా నెల్లూరే అనుకున్నాం. 2021 నుంచి ఇప్పటికి నాలుగు చలికాలాలు అయినాయి, అందులో కొన్నాళ్ళు ఒంగోలు దగ్గర సముద్రం పక్కన కూడా ఉండి చూశాం, అదీ చెప్తాను.

మొదటేడు చేసిన పెద్ద తప్పు తొందరపడి రావడం. దీపావళి పొగ తట్టుకోలేక నవంబర్ రెండో వారానికల్లా దిగిపోయాం. నెల్లూరు జిల్లాలో పుట్టిన దాన్ని, నాకు తెలిసుండాల్సింది, మనకి అసలు వానలు అప్పుడే. మిగతా ఆంధ్రాకి జూన్ నుంచి సెప్టెంబర్ ముఖ్యమైతే మన నెల్లూరు వైపు అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు, తుఫాన్లు. ఆ ఏడాది నవంబర్ 20 ప్రాంతంలో పెన్నకి వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే కూడా తెగిపోయింది. మేమున్న వేదాయపాలెం ఇంట్లోకి నీళ్ళు రాలేదు గానీ కరెంటు లేదు, పాలు లేవు, బండ్లు లేవు. కరెంటు లేకపోతే నెబ్యులైజర్ పనిచెయ్యదన్న సంగతి ఆ రాత్రే మాకు తెలిసొచ్చింది. ఆయన మంచం మీద కూర్చుని ముందుకి వంగి ఊపిరి తీసుకుంటా ఉంటే నేను టార్చిలైటు పట్టుకుని సంచి మొత్తం వెతికితే అడుగున స్పేసర్ (ఇన్హేలర్ మందు సరిగ్గా లోపలికి పోడానికి వాడే గొట్టం) దొరికింది, దానికి ఇన్హేలర్ తగిలించి ఆ రాత్రి గట్టెక్కాం. అప్పట్నుంచి బ్యాటరీతో నడిచే చిన్న నెబ్యులైజరొకటి, రెండు స్పేసర్లు నా చేతిసంచిలోనే ఉంటాయి, సూట్‌కేసులో పెట్టను.

అందుకని ఇప్పుడు మాకొక లెక్క కుదిరింది. డిసెంబర్ 18 తర్వాత రావడం, శివరాత్రి ముందూ వెనకా వెళ్ళిపోవడం. శివరాత్రికి చలి శివశివా అంటా పోతుందంటారు కదా, ఢిల్లీలో కూడా అప్పటికి ఎండ వచ్చేస్తుంది. 2023లో మిచాంగ్ తుఫాను డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిందా, దానికి ముందు నెల్లూరంతా కుండపోత, మేము ఢిల్లీలో టీవీ ముందు కూర్చుని చూశాం, పదమూడు రోజుల తర్వాత వచ్చి దిగితే ఊరు తడిగా ఉంది గానీ ఆకాశం తేటగా ఉంది. ఆ తర్వాత రెండు నెలలూ వాన చుక్క లేదు. జనవరిలో పొద్దున 20 డిగ్రీల దగ్గర, మధ్యాహ్నం 29, 30. మా వీధిలో వాళ్ళు మంకీ క్యాపులు పెట్టుకుని చలి బో ఎక్కువగా ఉండాది మా ఈసారి అంటారు, మావారేమో పొట్టి చేతుల చొక్కాతో వాకిట్లో పేపరు చదువుకుంటారు. ఆయన్ని జనవరిలో వాకిట్లో చూడటం నాకెంత సంతోషమో చెప్పలేను.

ఇల్లు దొరకడమే అన్నిటికంటే కష్టం. టు-లెట్ బోర్డులు బోలెడుంటాయి, మూడు నెలలకి అనగానే మొహం మారిపోతుంది. బ్రోకరైతే ఒక నెల అద్దె అడుగుతాడు, మూడు నెలలుండేదానికి ఒక నెల అద్దె అతనికిస్తే ఇంక మిగిలేదేముంది. మేము చేసింది ఏంటంటే మూడు నెలల అద్దె ఒకేసారి ముందే ఇచ్చేస్తామన్నాం, దానికి ఒప్పుకున్నారు ఒకావిడ, కింద వాళ్ళుంటారు, మేడ మీద పోర్షను మాది. అన్నిటికంటే పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. డిసెంబర్ 16 నుంచి ధనుర్మాసం, దాని వెనకే పుష్యం, మనవాళ్ళు ఆ రోజుల్లో కొత్తింట్లోకి చేరరు, అందుకని అప్పటికి ఖాళీగా ఉన్న ఇల్లు మాఘమాసం దాకా ఖాళీగానే పడుంటుంది, ఓనరుకి అద్దె పోయినట్టే. కాబట్టి మన మాట చెల్లుతుంది, పదివేలు చెప్పిన పోర్షను మాకు 8,500కి ఇచ్చారు. కాకపోతే వాళ్ళకీ ఒక పట్టింపు, ధనుర్మాసంలో పాలు పొంగిస్తే బాగుండదని. దానికి మా వదిన డిసెంబర్ మొదటి వారంలోనే మంచిరోజు చూసి వెళ్ళి పాలు పొంగించి, ఒక బిందె, ఒక దేవుడి పటం పెట్టి వచ్చింది, మేము తర్వాత వచ్చినా పేచీ లేదు. ఇది రెండో ఏడు సంగతి, అప్పట్నుంచి అదే ఇల్లు.

సామాను గురించి. ఫర్నిచరుతో ఇచ్చే పోర్షను మాకు దొరకలేదు. మొదటేడు టెంట్ హౌస్ అతన్ని అడిగితే మంచాలు కుర్చీలు రోజుకింత అంటాడు, పెళ్ళికి సరిపోతుంది గానీ మూడు నెలలకి కొత్తవే వచ్చేస్తాయి. సెకండ్ హ్యాండులో రెండు ఇనప మంచాలు, ఒక చిన్న ఫ్రిజ్జు, కుర్చీలు నాలుగు కొన్నాం, అన్నీ కలిపి 14 వేలు. వెళ్ళేటప్పుడు ఓనరమ్మగారి మెట్ల కింద గదిలో పెట్టి గుడ్డ కప్పి వెళ్తాం. ఆ ఫ్రిజ్జు మిగతా తొమ్మిది నెలలూ వాళ్ళే వాడుకోమన్నాను, ఊరికే పెడితే పాడైపోతుంది, వాళ్ళకీ ఉపయోగం. గ్యాసుకి అయిదు కిలోల చిన్న సిలిండర్ తీసుకున్నాం, దానికి లోకల్ అడ్రస్ ప్రూఫ్ అడగరు, ఆధార్ చూపిస్తే చాలు. ఇద్దరికి వంటకి పదిహేను ఇరవై రోజులొస్తుంది.

పోయిన చలికాలం, అంటే 2024-25లో అయిన ఖర్చు చెప్తాను, ఎవరికైనా అంచనాకి పనికొస్తుంది. అద్దె 8,500, కరెంటు ఏడొందల చిల్లర (ఏసీ అక్కర్లేదు, ఫ్యానే), తాగే నీళ్ళ క్యాన్లకి ఆరొందలు, పనమ్మాయికి 1,500, కూరలు పాలు చేపలు సరుకులు కలిపి పదివేల లోపు, మందులు మూడువేలు, మిగతాది ఆటోలు, గుళ్ళు, పండక్కి పెట్టుపోతలు. నెలకి 26 వేలు దాటలేదు. రైలుకి థర్డ్ ఏసీ ఇద్దరికీ రానూపోనూ దాదాపు 9 వేలు. మొత్తం 90 వేల లోపల అయిపోయింది. ఢిల్లీలో అదే మూడు నెలలకి హీటరు కరెంటు, మిషను ఫిల్టర్లు, డాక్టర్లు, ఒక్కసారి హాస్పిటల్లో చేరితే అయ్యే బిల్లు వేసుకుంటే దాదాపు అంతే. ఢిల్లీ ఫ్లాటు సొంతం కాబట్టి మాకిలా కుదిరింది, అక్కడా అద్దె కట్టుకుంటా ఇక్కడా కట్టాలంటే మాత్రం బరువే.

నెల్లూరులో బాగాలేనిది అడిగితే దోమలు. మాటవరసకి చెప్పట్లేదు, సాయంత్రం అయిదున్నరకి తలుపులు వేసెయ్యాలి. అందరూ కాయిల్ పెట్టుకోమంటారు, ఊపిరి జబ్బున్న మనిషి ఉన్న ఇంట్లో ఆ పొగ విషంతో సమానం, మేము కిటికీలకి మెష్ కొట్టించుకున్నాం మా డబ్బుతోనే, మంచానికి దోమతెర. రెండోది పొద్దున్నే చెత్త తగలబెట్టడం. మూడోది భోగి. భోగి మంట అంటే నాకు చిన్నప్పట్నుంచి ప్రాణం, కానీ ఇప్పుడు పిడకలూ కట్టెలతో పాటు పాత టైర్లు, ప్లాస్టిక్ కూడా వేసేస్తున్నారు. 2023లో ఆ పొద్దున ఆయనకి మళ్ళీ నెబ్యులైజర్ పెట్టాల్సొచ్చింది. మరుసటేడు వీధిలో పిల్లల దగ్గరికి నేనే వెళ్ళి, నాయనా తాతకి ఆయాసం, టైర్లు వెయ్యొద్దురా అని అడిగితే ఒక్కటి కూడా వెయ్యలేదు, పిడకల దండ కట్టించి నాచేత కూడా వేయించారు.

ఆయన ఆరోగ్యం విషయంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. జబ్బు తగ్గలేదు, తగ్గదు కూడా. ఇన్హేలర్ రెండుపూటలా మామూలే. తేడా ఏంటంటే ఢిల్లీలో జనవరిలో రోజుకి మూడుసార్లు పెట్టే నెబ్యులైజర్ ఇక్కడ వారానికి ఒకటి రెండుసార్లే, నాలుగు చలికాలాల్లో ఒక్కసారి కూడా హాస్పిటల్లో పడుకోలేదు. వచ్చిన వారంలోనే ఇక్కడ ఒక ఛాతీ డాక్టరుకి చూపించి పాత రిపోర్టులన్నీ ఇచ్చేస్తాం, అవసరం వచ్చాక వెతుక్కోవడం కంటే అది మేలు. మందులు మూడు నెలలకి సరిపడా తెచ్చుకుంటాం, కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాయించుకుంటాం, ఎందుకంటే అక్కడ దొరికే బ్రాండు ఇక్కడ దొరకదు. పెన్షన్ వాళ్ళకి ఇంకొక మాట, లైఫ్ సర్టిఫికెట్ నవంబర్లోనే ఫోన్లో మొహం చూపించి చేసేసుకోవచ్చు, దానికోసం బ్యాంకుకని ఢిల్లీలో ఆగక్కర్లేదు.

మూడో ఏడు ఫిబ్రవరిలో మావారికి సముద్రం మీద మనసు పడింది. ఒంగోలు నుంచి ఇరవై కిలోమీటర్ల లోపే కొత్తపట్నం, అక్కడ బీచికి దగ్గర్లో ఒక ఇల్లు నెలకి మాట్లాడుకున్నాం. పొద్దున వల లాగేటప్పుడు వెళ్తే చేపలు ప్రాణంతో ఉంటాయి, చందువా, కానగంతలు, మనముందే బుట్టలో పోస్తారు. ఆ మొదటి వారం స్వర్గమే. తర్వాత ఉప్పుగాలికి బట్టలు ఆరవు, పక్కలు చెమ్మగా ఉంటాయి, బోరు నీళ్ళు ఉప్పన, రాత్రి ఎనిమిది దాటితే ఆటో దొరకదు, మంచి డాక్టరు కావాలంటే ఒంగోలు పోవాల్సిందే. ఇల్లుగల వాళ్ళు గీజరుంది అన్నారు, ఉంది గానీ పనిచెయ్యదు, బాగు చేయిస్తామంటానే రోజులు గడిపేశారు. పద్దెనిమిదో రోజు రాత్రి ఆయనకి దగ్గు ఎక్కువైతే మా తమ్ముడు కారేసుకుని వచ్చి నెల్లూరు తీసుకెళ్ళాడు. సముద్రానికి పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చెయ్యడమే మంచిది, దానికి మాకు మైపాడు ఉంది, ఊరినుంచి ఇరవై పాతిక కిలోమీటర్లు, బస్సులుంటాయి. కాపురం మాత్రం ఊళ్ళోనే పెట్టాలి.

రోజులెలా గడుస్తాయని మా ఢిల్లీ స్నేహితులు అడుగుతుంటారు. పొద్దున ఎండ వచ్చాక నడక, దార్లో ఎర్రకారం పూసిన దోశ, వారానికోసారి రంగనాయకులపేటలో స్వామి గుడి, అక్కడ పెన్న ఒడ్డున కూర్చుంటే గంట తెలీదు. నెలకోసారి జొన్నవాడ కామాక్షమ్మ దగ్గరికి. ఆ దారిలో జనవరికి నాట్లు అయిపోయి పొలాలన్నీ పచ్చగా ఉంటాయి, మార్చిలో కోతలు మొదలైతే దుమ్ము, ఎండ కూడా ముదిరిపోతుంది, అందుకే మేము అప్పటిదాకా ఆగం. చేపల పులుసు రాత్రి వండి పొద్దున తినాలి, ఫిబ్రవరిలో లేత మామిడికాయ వస్తే అందులో రెండు ముక్కలు. ముప్పై నాలుగేళ్ళు ఢిల్లీలో వండాను గానీ ఆ రుచి అక్కడ ఒక్కసారి కూడా రాలేదు.

రైలు సంగతొకటి మిగిలింది. మేము గ్రాండ్ ట్రంక్‌లో వస్తాం, నెల్లూరులో ఆగుతుంది, దిగేసరికి మర్నాడు అర్ధరాత్రి దాటుతుంది కాబట్టి ముందే ఎవరికైనా చెప్పి ఉంచాలి. సీనియర్లకి టికెట్లో తగ్గింపు 2020 మార్చిలో తీసేశారు, మళ్ళీ ఇవ్వలేదు, కింద బెర్తు కోటా మాత్రం ఉంది, వయసు సరిగ్గా వేసి ఇద్దరికి ఒకే టికెట్ తీసుకుంటే ఇప్పటిదాకా మాకు దొరుకుతానే ఉంది. పొగమంచుకి బండి గంటలకొద్దీ లేటవుతుంది, తిండి, మందులు అదనంగా పెట్టుకోవాలి. సంక్రాంతికి వారం ముందూ వెనకా ప్రయాణం పెట్టుకుంటే టికెట్ ఆశ వదులుకోవాల్సిందే. ఇదివరకు 120 రోజుల ముందు బుకింగ్ ఉండేది, 2024 నవంబర్ నుంచి 60 రోజులే.

ఆ లెక్కన 2025 డిసెంబర్ 19 బండికి అక్టోబర్ 20 పొద్దున ఎనిమిదింటికి తెరుస్తారు, అదే రోజు దీపావళి. ముందు టికెట్, తర్వాతే పూజ అనుకున్నాం. ఓనరమ్మగారు నిన్ననే ఫోన్ చేశారు, ఏం మా, మెష్‌కి ఒక మూల ఉడత కొరికిందంట, మీరొచ్చేలోపు వేయించి పెడతాలే, ఎప్పుడొస్తా ఉండారు అని.